ఓడెస్సా చెప్పని మాట

నేను జార్జియాకు కాపురం మార్చిన కొత్తలో, చర్చి ఆవరణలో మా వీధి ఆడవాళ్లందరూ ఎవరి తోటలో మొక్కలు వాళ్లు తెచ్చి ఇచ్చిపుచ్చుకుంటున్నారు. నేను మాత్రం ఎదురింటి ఓడెస్సాను పట్టుకుని దులిపేశాను.

“మా అమ్మ పోయాక మిషిగన్ నుంచి తెచ్చుకున్న గులాబీ అది, మిస్ ఓడెస్సా! అడిగారు కదా అని కొమ్మ కోసి చేతికిస్తే, ఉలుకూ పలుకూ లేకుండా గేటు వేసుకుని లోపలికి పోయారే! ఒక్క థాంక్స్ చెబితే మీ సొమ్మేం పోయేది?”

“ఎలా ఉంది నీ గులాబీ?” అంది ఆమె నింపాదిగా.

ఆ నింపాదికి నా ఒళ్లు ఇంకా మండింది. “చచ్చింది! మీ ఊరి ఎండకు మాడి చచ్చింది. ఇక్కడికొచ్చాక నాటినవన్నీ చచ్చాయి, మీరిచ్చిన మల్లెతో సహా!”

“ఆ మల్లె ఇచ్చినప్పుడు నువ్వేమన్నావు?”

“ఏమంటాను? మర్యాద తెలిసినదాన్ని గనక థాంక్స్ అన్నాను. రెండుసార్లు అన్నాను!”

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఒక్కసారిగా “అయ్యయ్యో” అన్నారు.

“నువ్వే చంపావు కదే పిల్లా!” అంది ఓడెస్సా. “చేతికిచ్చిన మొక్కకు థాంక్స్ చెబితే అది బతకదని మీ వైపు ఎవరూ చెప్పరా?”

“ఈ పిచ్చి కబుర్లు నా దగ్గర కాదు!” అని అరిచాను.

ఆమె బల్ల కింద నుంచి ఒక కుండీ తీసి నా చేతుల్లో పెట్టింది. అందులో ఒక గులాబీ మొక్క, దాని కొసన విచ్చుకుంటున్న మొగ్గ. మా అమ్మ పెరటి గులాబీ పసుపు రంగును ఎక్కడ కనిపించినా గుర్తుపడతాను.

నోటిదాకా వచ్చిన మాటను పంటి బిగువున ఆపుకుని, ఓడెస్సాకు వీపు తిప్పి, ఉలుకూ పలుకూ లేకుండా ఇంటికి నడిచాను.