‘నార్మల్’ ముద్ర

"గడ్డం ఈడ ఆనించుండ్రి, కదలొద్దు," అంటూ చీటీ మీద పేరు చూసిన వీణ చెయ్యి ఆగిపోయింది.

రామ్‌చందర్. మొఘల్‌పురా. ఆటో ట్రాలీ డ్రైవర్.

వాడే! మాస్కు వెనక వీణ పళ్లు పటపటా కొరికింది. నాలుగేళ్ల కిందట పట్టపగలు, రోడ్డు మీద నల్లా నీళ్ల వాల్వు తిప్పుతున్న తన తండ్రి ఇస్సాకును బేగంబజార్ గిన్నెల లోడుతో వచ్చి గుద్ది చంపినవాడు. ఆరడుగుల మనిషి, ఒంటి మీద ఆరెంజ్ జాకెట్ కూడా ఉన్న మనిషి తనకు కనబడలేదని పోలీస్ స్టేషన్లో నిలబడి కూసినవాడు. ఆ మాట తలుచుకుంటే వీణకు ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

సైదాబాద్ ఫంక్షన్ హాల్లో షుగర్ ఉన్నవాళ్లకు ఉచిత కంటి పరీక్షలు జరుగుతున్నాయి. ఆయా కాశమ్మ కంట్లో చుక్కలు వేసి పంపితే, వీణ కంటి లోపలి ఫొటో తీస్తుంది. డాక్టరు దగ్గరికి పంపాలో, ‘నార్మల్’ ముద్ర కొట్టి ఇంటికి పంపాలో తేల్చేది కూడా ఆమే. ఆరేళ్లుగా అదే పని.

ఫొటో తెర మీదికొచ్చింది. కుడి కన్ను దాదాపు పోయింది. ఎడమ కంట్లో ఇప్పుడిప్పుడే రక్తపు చుక్కలు మొదలయ్యాయి. వెంటనే వైద్యం చేస్తే ఆ ఒక్క కన్నూ నిలుస్తుంది. లేకపోతే చీకటే.

"ఎట్లున్నయి బిడ్డా?"

ఎవరడిగినా వీణ ఓపిగ్గా చెబుతుంది. ఒంట్లో చక్కెర ఎక్కువైతే ఆక్సీకరణ ఒత్తిడి పెరుగుతుందని, కంటి వెనక సన్నటి రక్తనాళాలు ఇనుముకు తుప్పు పట్టినట్టు లోలోపలే చెడిపోతాయని, నొప్పి ఉండదు గనక చివరిదాకా తెలియదని. ఇవాళ ఆ ముక్క ఒక్కటీ నోట రాలేదు. కనబడలేదన్నావు కదరా, ఇక నిజంగానే కనబడకుండా పో! అనుకుంది కసిగా.

"మంచిగున్నయి. నార్మల్."

ధన్‌మని ముద్ర కొట్టి, సంతకం గీకింది.

రామ్‌చందర్ లేవలేదు. "కుడి కంటికి నీ మొహం గూడ కనబడ్తలేదు బిడ్డా."

"చుక్కలేసినం కద, సాయంత్రానికి తగ్గుతది. ఇగ లేవుండ్రి!"

"నార్మల్ అంటేనే నాకు భయమైతది. నాలుగేండ్ల కింద గూడ క్యాంపుల గిట్లనే అన్నరు. ఫికర్ లేదని బండి తోలిన. మూడు నెలలకే నా చేతుల ఒక మనిషి పాణం పోయింది. ఒట్టు బిడ్డా, నాకు కనబడలే."

వీణ ఆగలేకపోయింది. "కళ్లు మంచిగుండి కనబడలేదంటే ఎవరు నమ్ముతరు?"

"పోలీసోళ్లు గూడ గదే అన్నరు. కళ్లు మంచిగున్నయని రాసుంటే నాటకాలాడుతున్నవా అని క్యాంపుల ఇచ్చిన ఈ కాగితం మొహాన కొట్టిండ్రు. జైలుకు పోయొచ్చిన." జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, మడతలు చిరిగిన కాగితం ఆమె ముందు పెట్టాడు. "ఆ దినం క్యాంపుల మస్తు మంది ఉండె. చుక్కలు గూడ ఎయ్యలే. ఫొటో మసకొచ్చినా మళ్ల తియ్యక, ముద్ర కొట్టి తోలిండ్రు. నా కన్ను పోతే పోనీ. ఆ మనిషి పాణం ఎవరు తెచ్చిస్తరు?"

అంటే ఈయన అబద్ధమాడలేదు! వీణ ఇందాకటి చీటీ పరపరా చించేసింది.

"కాశమ్మా, ఈయన్ను ముందుగాల డాక్టర్ దగ్గరికి తీస్కపో. జల్దీ!"

నాలుగేళ్ల కోపం గిర్రున అటు తిరిగింది. తన తండ్రిని చంపింది ఆ ముద్ర కొట్టిన దరిద్రులన్నమాట! వాళ్లెవరో తెలియాలి, వాళ్ల ఉద్యోగం ఊడగొట్టాలి, కోర్టుకీడ్చాలి, తన తల్లి ఏడ్చినంత ఏడిపించాలి. పాత కాగితం చటుక్కున లాక్కుని కింద పేరు చూసింది.

సంతకం ఆమెదే.