కూజా మెడ

"వార్షిక తనిఖీ. వారం రోజులు మూసేశాం. కాగితం అంటించాం కదా, కనబడ్డం లేదా?" అన్నాడు వాచ్‌మన్.

"కనబడింది బాబూ. ఈసారి ప్రతి వస్తువునీ కదిపి, అడుగున నంబరు చూస్తారని పేపర్లో వేశారు. అందుకే వచ్చా. మేడమ్‌తో ఒక్క మాట చెప్పి పోతా" అన్నాడు ముసలాయన.

రెండు రోజులుగా ఇదే పాట. మూడో రోజు వాచ్‌మన్ విసిగిపోయి లోపలికి వదిలేశాడు.

సూపరింటెండెంట్ పొద్దుటినుంచీ చిటపటలాడుతోంది. ఆడక ఏం చేస్తుంది మరి. రాష్ట్రంలో ఉన్న పద్నాలుగు మ్యూజియాల్లో రెండింటికి ఈ ఏడు తాళం వెయ్యాలని పాలకమండలి తీర్మానించింది. తనిఖీలో సిబ్బంది చేతుల్లో ఏదైనా పాడైతే మొదటి తాళం ఆ మ్యూజియానికే. ఇక్కడ ఆరు ఉద్యోగాలు, వాటి మీద బతికే ఆరు ఇళ్ళు. మండలి కార్యదర్శి మర్నాడే వస్తున్నాడు.

"మూడో గదిలో మట్టి కూజా ఉంది కదమ్మా, మోకాలెత్తుది. దాన్ని మెడ పట్టి కదపొద్దు. అడుగున రెండు చేతులూ పెట్టించండి. మెడకి బలం లేదు" అన్నాడు ముసలాయన ఆవిడ ముందు నిలబడి.

"మీకెలా తెలుసు?"

"తెలుసమ్మా."

ఆవిడ రిజిస్టర్ తెరిచి ఆయన వైపు తిప్పింది. "చదవండి. 'ఎక్కడా చిన్న పగులు కూడా లేదు.' ముప్పై ఏళ్ళ కిందట పెద్ద పెద్దవాళ్ళు చూసి రాసింది."

ముసలాయన కళ్ళజోడు సవరించుకుని ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. మొహం వెలిగిపోయింది.

"అలాగే రాశారా?" అని నవ్వాడు.

ఆ నవ్వు చూసి ఆవిడకి ఒళ్ళు మండింది. "రిజిస్టర్ కంటే మీకెక్కువ తెలుసా పెద్దాయనా? ఎవరో ఒకరు వచ్చి నాకు పని నేర్పడమే. గేటు దాకా దిగబెట్టి రావయ్యా" అంది అటెండర్‌తో.

మర్నాడు కార్యదర్శి రెండో గదిలో ఉండగా ఆవిడ మూడో గదిలోకి నడిచింది. నంబరు ముందే చూసి పెట్టుకుంటే పని చకచకా సాగినట్టుంటుందని ఆశ. ఆ కూజాను ముప్పై ఏళ్ళుగా ఎవరూ కదిపిన పాపాన పోలేదు. ఏటా గుమ్మంలోంచి చూడడం, టిక్కు పెట్టడం, అంతే.

మెడ పట్టి ఒరగదీసింది.

మెడ ఊడి చేతిలోకి వచ్చేసింది.

వెనకే వచ్చిన అటెండర్ నోరు తెరవబోయాడు. ఆవిడ కళ్ళతోనే మూయించింది.

మెడను కూజా పక్కన పెట్టేసరికి కార్యదర్శి గదిలోకి వచ్చాడు. "ఎవరు చేశారిది?"

నేనే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆరు ఇళ్ళు గుర్తొచ్చి ఆగిపోయానని తర్వాత తనకు తాను చెప్పుకుంది గానీ, ఆ నిమిషాన ఆవిడకి గుర్తొచ్చింది తన ఇల్లు ఒక్కటే.

"బయటివాడండీ. ఒక ముసలాయన. నిన్న లోపలికొచ్చి ఈ కూజా గురించే మాట్లాడాడు. చెయ్యి వేసే ఉంటాడు."

ముసలాయన కోసం వెతకాల్సిన పని లేకపోయింది. తనిఖీ ఎలా జరిగిందో తెలుసుకుందామని పొద్దుటినుంచీ గేటు బయటే నిలబడి ఉన్నాడు.

లోపలికి పిలిచారు. ఆయన విరిగిన మెడ చూశాడు. ఆవిడ కొంగుకి అంటిన మట్టిపొడి చూశాడు.

"దీనికి మ్యూజియం మూసేస్తారాండీ?" అని అడిగాడు కార్యదర్శిని.

"సిబ్బంది తప్పయితే మూస్తాం. బయటివాడి పనయితే ఎందుకు మూస్తాం?"

ముసలాయన తల వంచుకున్నాడు.

"నేనే తాకానండి."

కార్యదర్శికి కావలసింది ఒక సంతకం. అది దొరికింది. పద్నాలుగు మ్యూజియాల్లో ఎక్కడా ఆయన్ని రానివ్వకూడదని అక్కడికక్కడే ఉత్తర్వు రాశాడు. ఫోటో తీసి, కింద స్కెచ్ పెన్నుతో ఆ ముక్కే రాసి, గేటు పక్క బోర్డుకి అంటించారు. మిగతా పదమూడు చోట్లా ఆ ఉత్తర్వు ఎవరూ తెరవని ఫైల్లో పడింది.

వెళ్తూ వెళ్తూ ఆయన ఆవిడ దగ్గర ఆగాడు. "పొడి కూడా ఊడ్చెయ్యకమ్మా. అన్నీ ఒక గుడ్డలో కట్టి పెట్టు."

ఆవిడ కొంగు దులుపుకోబోయి ఆగింది.

మ్యూజియం బతికింది. వార్షిక నివేదికలో 'సిబ్బంది అప్రమత్తత మెచ్చుకోదగినది' అని ఒక వాక్యం కూడా పడింది. అది చదివిన రోజు ఆవిడకి ముద్ద దిగలేదు. అటెండర్ ఆ తర్వాత ఆవిడతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. ఆవిడ గేటు మానేసి వెనక గుమ్మం గుండా రావడం మొదలుపెట్టింది. సంతకం పెట్టిన కాగితం మీద ఆయన చిరునామా ఉంది. ఈ ఆదివారం వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను అనుకునేది. ఆదివారాలు వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి. వానలకు ఫోటో కింది రాత కరిగిపోయింది. ఫోటో మాత్రం మిగిలింది.

నాలుగు నెలలకు ప్రధాన మ్యూజియం నుంచి, పాత వస్తువులు బాగుచేసే నిపుణుడు కారులో దిగాడు. కూజాలోకి టార్చి వేసి చాలాసేపు చూశాడు.

"దీన్ని మళ్ళీ నిలబెట్టడం నా వల్ల అవుతుందో లేదో మేడమ్" అన్నాడు.

"విరిగింది మెడ ఒక్కటే కదండీ."

"ఇది తవ్వకాల్లో దొరికిందే ముక్కలుగా. లోపల ఎన్ని అతుకులున్నాయో చూడండి. బయట ఒక్కటి కనిపిస్తే ఒట్టు. రిజిస్టర్ రాసినవాళ్ళు కూడా పోల్చుకోలేకపోయారంటే చూడండి, ఆ చెయ్యి ఎలాంటిదో."

ఆవిడ టార్చి వెలుగులో లోపలికి తొంగి చూసింది. "ఎవరు చేశారు?"

ఆయన టార్చి ఆపి, ఆవిడకి రెండు చేతులూ జోడించాడు.

"తెలియనట్టు అడుగుతారేంటి మేడమ్, దినకూలీకి పనిచేస్తూ నూట పన్నెండు ముక్కల నుంచి దీన్ని నిలబెట్టి, ఆ తర్వాత మా అందరికీ పని నేర్పిన మా గురువుగారు పోయిన నెల కాలం చేస్తే, పద్నాలుగు మ్యూజియాల్లో గేటు దగ్గర ఆయన ఫోటో పెట్టి గౌరవించింది మీరొక్కరే."