గేదెలు పొర్లే మూల

పాత చెరువు ఎండిపోవడంతో ఒక బుడుబుంగ నీటిపిట్టల జంట ఇద్దరు పిల్లలనూ వీపు మీద ఎక్కించుకుని, కాలువ వెంట ఈదుకుంటూ కొత్త చెరువు చేరింది. బుడుబుంగలు పిల్లలను అలాగే మోస్తాయి. మనుషులూ మోస్తారు గానీ వాళ్లకు దించడం తెలియదు. ఆ సంగతి అలా ఉంచండి.

తండ్రికి తామరల వైపు నచ్చింది. "నీడ ఉంది, తేట నీళ్లున్నాయి. మనవాళ్లు చూస్తే కళ్లు కుట్టాలి!" అన్నాడు.

తల్లి గట్టు మీది ముసలి తాబేలును అడిగింది. "తాతా, పోయినేడు అక్కడ కాపురం పెట్టినవాళ్ల పిల్లలు ఇప్పుడెక్కడున్నారు?"

తాబేలు తామరల వైపు మెడ చాచాడు. "ఆ ఆకుల కింద పెద్ద వాలుగ చేప ఉందమ్మా," అన్నాడు.

"మరి గేదెలు పొర్లే ఆ మూల ఉన్నవాళ్ల పిల్లలు?"

"అదిగో, ఇందాకటి నుంచీ నిన్ను వెక్కిరిస్తున్నారే, వాళ్లే!"

"ఆ కంపులో ఎలా ఉంటామే?" అని తండ్రి సణిగాడు. తల్లి అప్పటికే గూటికి తుంగ పరకలు ఏరుతోంది.

వానలు పడ్డాయి. పాత చెరువు నిండిందని కబురొచ్చింది. తండ్రి ఎగిరి గంతేశాడు. "పదండర్రా, మన ఇంటికి పోదాం!"

ఈతలో ఆరితేరిన పిల్లలు బురదలోంచి తలలెత్తారు.

"మీరు వెళ్లి చూసి రండి నాన్నా. మేం ఇంట్లోనే ఉంటాం."