డింగీకి సెగ

పోర్ట్ బ్లెయర్ ఎదుటి హోప్ టౌన్ ఒడ్డున తన వేట పడవ డింగీని బోర్లించి, అడుగున పట్టిన గుల్లల్ని గీకుతున్నాడు పోలిరాజు.

ఫెర్రీ దిగిన పెద్దమనిషి వచ్చి ఎదురుగా డీజిల్ పీపా మీద కూర్చున్నాడు. ఇలా రావడం ఇది మూడో రోజు.

తెల్ల చొక్కా, కళ్ళజోడు. పుల్లల్లాంటి చేతులు, ఎత్తయిన పొట్ట.

"డింగీ కొంటారేటండి?" అన్నాడు పోలిరాజు.

"లేదు భయ్యా, ఊరికే. గీకితే అన్నీ పోతాయా?"

"కంటికి కనిపించినవి పోతాయి. కనిపించనివి గసగసాలంత పిల్లలుంటాయి. వాటికి కొబ్బరాకులు మండించి సెగ పెడతాం."

"చెక్క కాలిపోదా?"

"సెయ్యి తెలిసినోడు పెడితే కాలదు."

ఆ మాటని లోపల మరోసారి చెప్పుకున్నట్టు ఆయన పెదవులు కదిలాయి.

"తరవాత మళ్ళీ పట్టవుగా?"

"నీళ్ళలో తిరిగేదానికి పట్టకుండా ఉంటాయా? కొన్నిటికి ఏడాదికే పడతాయి. కొన్నిటికి ఐదేళ్ళయినా పట్టవు. పడతాయని వేట మానేస్తామేటి?"

"అచ్ఛా... మరి గీకినా లాభం లేనివి?"

పోలిరాజు చెయ్యి ఆగింది.

"చెక్క లోపల్దాకా పోతే ముట్టుకోం. గీకితే చిల్లే. నీడకి లాగి ఉంచేస్తాం. పిల్లలెక్కి ఆడుకుంటారు."

"అదీ బాగానే ఉంది," అని నవ్వాడాయన.

ఆ నవ్వు పోలిరాజుకి నచ్చలేదు.

భార్య సీతాలు వారంగా పోర్ట్ బ్లెయర్ ఆస్పత్రిలో ఉంది. పేగులో పుట్టిన కేన్సరు పొట్ట లోపలి పొరంతా చల్లినట్టు పాకిందన్నారు. చెన్నై తీసుకెళితే పొట్ట తెరిచి, కనిపించిందల్లా తీసేసి, వేడి మందుతో కడుగుతారట. పూర్తిగా పోతుందని చెప్పలేం, కొన్నేళ్ళు కలిసి రావచ్చు, కానీ ఆలస్యం చేస్తే అదీ ఉండదన్నారు.

"కోసి కడగడానికి నేనేమైనా చేపనా? ఇంటికి తీసుకుపో," అని సీతాలు ఒకటే పట్టు.

"బాబూ, నా ఇంటిది ఆస్పత్రిలో ఉంది," అన్నాడు పోలిరాజు. "తమకేటి! జిలేబీలు తిని పొట్ట పెంచి, గాలికోసం ఒడ్డుకొచ్చారు. ఎల్లండి, నన్నొగ్గేయండి!"

ఆయన తన పొట్ట వంక చూసుకున్నాడు.

"జిలేబీలే భయ్యా. అబర్డీన్ బజార్‌వి."

డింగీ అంచు పట్టుకుని మెల్లగా లేచాడు.

ఆయన వెళ్ళాక గీకుడు చప్పుడు పోలిరాజుకి మరీ పెద్దగా వినిపించింది.

మర్నాడు ఆస్పత్రికి వెళ్ళేసరికి సీతాలు మంచం మీద లేచి కూర్చుని ఉంది.

"చెన్నై ఎల్దాం," అంది.

"ఏటయింది నీకు?"

"డాక్టరుబాబు చెప్పేడు. తెల్ల చొక్కా, కళ్ళజోడు. నా పొట్ట డింగీ అడుగులాటిదట. గీకి సెగ పెడతారట. సెయ్యి తెలిసినోడు పెడితే కాలదట. గుల్లలు మళ్ళీ పడతాయని వేట మానేస్తామా అన్నాడు."

పోలిరాజు మంచం అంచున కూలబడ్డాడు.

"అంత పెద్ద డాక్టరుని నిన్న ఒడ్డుమీంచి తరిమేశాను," అన్నాడు.

"నీ నోటికి తాళం ఎప్పుడుంది గనక!" అని సీతాలు నవ్వింది. ఆ వారంలో అదే మొదటి నవ్వు.

చెన్నైలో ఆపరేషను తొమ్మిది గంటలు పట్టింది.

నాలుగు నెలలకి సీతాలు తన కాళ్ళమీద ఓడ దిగింది. వారం తిరక్కుండానే ఇద్దరూ ఒక వంజరం చేపని గోనెలో చుట్టి ఆస్పత్రికి తెచ్చారు. జిలేబీల మాటకి ఏమని క్షమాపణ చెప్పుకోవాలో పోలిరాజు ఫెర్రీలో నాలుగుసార్లు అనుకున్నాడు.

"డాక్టరుబాబు ఏరమ్మా? కళ్ళజోడు, తెల్ల చొక్కా... పొట్ట కొంచెం ముందుకి..."

సిస్టరు అలాంటి డాక్టరెవరూ లేరంది. తరవాత గోనె వంకా, సీతాలు వంకా చూసింది. సిస్టరు ముఖం మారింది.

"గణేశ్వరరావుగారా? ఆయన డాక్టరు కాదు దీదీ, పక్క వార్డులో పేషెంటు, మీ జబ్బే. ఆ పొట్టంతా జబ్బు నీరే. వద్దని మీరు ఏడవడం విని, మీ ఊరూ మీ ఆయన పనీ నన్నడిగి, మూడు రోజులు నాచేత తిట్లు తింటూ కూడా మధ్యాహ్నం ఫెర్రీకి పారిపోయేవారు. ఆయనకి మాత్రం ఆపరేషను లాభం లేదని చెన్నై వాళ్ళు ముందే తిప్పి పంపేశారు. పోయేముందు మంచాన్ని వరండా నీడకి లాగించుకుని, వార్డుకొచ్చిన పిల్లలందర్నీ ఎక్కి ఆడుకోమనేవారు."