పరాయి ఈకలు

గిజిగాడు తుమ్మకొమ్మకు గూడు అల్లుతుంటే, చలికి తాళలేక మంచుదేశం నుంచి వచ్చిన పిట్ట ఒకటి పక్కన వాలింది. గడ్డిపోచతో ముడి వెయ్యడం గిజిగాడు దానికి నేర్పాడు. గూటిలోపల ఈకలు మెత్తగా పరవడం అది అతనికి నేర్పింది. ఎండలు ముదరగానే అది తన దేశానికి ఎగిరిపోయింది.

అది అటు వెళ్లిందో లేదో, చెట్టుకు పెద్దనని చెప్పుకునే కాకి వచ్చి వాలింది.

"మన గూళ్లలో ఈకలేమిట్రా? పరాయి పని! మొత్తం పీకి పారెయ్!"

"పీకను కాకిమావా. మంచుకొండల అవతల ఈపాటికి నా ముడితో ఒక గూడు వేలాడుతుంటుంది. నీకంత రోషముంటే ముందు అక్కడికెళ్లి ఆ ముడి విప్పి రా!"

కాకి కోపంతో రెక్కలు టపటపలాడించింది. ఒక నల్ల ఈక రాలింది.

గిజిగాడు దాన్ని కూడా తీసుకెళ్లి గూట్లో పరిచాడు.