మొండి రాయి

చమురు పట్టించిన ఆ సున్నపురాయి ముక్క నాలుగు నెలలుగా ఇంజనీరమ్మను ఏడిపిస్తోంది. చమురును బయటికి తోయడానికి ఏ మందు కలిపి నీళ్లు పంపినా అవి రాయిలోని పగులు వెంట జారిపోతున్నాయి, చమురు మాత్రం రాయిని వదలడం లేదు. రేపటితో ప్రాజెక్టు మూసేస్తామన్నారు పైవాళ్లు. ఆ రాత్రి ల్యాబ్‌లో ఒంటరిగా ఉన్న ఆమె విసిగిపోయి పంపు ఆపేసింది.

అప్పుడు రాయి కింద అమర్చిన గాజుగొట్టంలో చమురు చుక్క పడింది. వెనకే ఇంకొకటి.

గంట తర్వాత సీనియర్‌కి ఫోన్ చేసింది. "అన్నా, చమురు వస్తోంది."

"ఇన్నాళ్లకి కరుణించిందా! ఎంతొచ్చింది?"

"ముప్ఫై మిల్లీలీటర్లు."

"మనం రాయికి పట్టించింది పన్నెండే కదమ్మా."

"అందుకే చేశాను."

"ముందు వాల్వు కట్టెయ్."

"కట్టేశా. రాయిని కూడా బయటికి తీసి బల్ల మీద పెట్టా."

"మరి ఆ చుక్కల చప్పుడేంటి?"

ఆమె గొట్టం వైపు చూసింది. "అదే అన్నా, ఆగట్లేదు."