సన్నదారం

యేసన్న మూడు రేకు డబ్బాలు బావి గట్టు మీద వరసగా పెట్టాడు. మూడింటికీ నైలాను దారం చుట్టి ఉంది. ఒకటి మందం. ఒకటి మధ్యరకం. మూడోది తలవెంట్రుకకు తమ్ముడు.

ఊరంతా చుట్టూ మూగింది. ఎనభై నాలుగు ఎండాకాలం అది. కళ్యాణదుర్గం పక్కన ఆ ఊళ్లో జనానికి చూడడానికి వేరే ఏమీ లేదు.

యేసన్న ఈ ఊరివాడు కాదు. కణేకల్ దగ్గర కాలువ మీద తూములు తిప్పే లస్కరు. చేపలు పట్టడంలో తనను మించినవాడు జిల్లాలో లేడని అతనే చెబుతాడు. చెల్లెలు సుంకమ్మను ఈ ఊరికి ఇచ్చారు. రెండు మైళ్ల అవతల నుంచి బిందెలు మోసి మోసి ఆమె నడినెత్తిన జుట్టు ఊడిపోయింది. వచ్చినప్పుడల్లా ఆ బిందె అతనే ఎత్తుకుంటాడు.

సోమవారం బోరింగు మంజూరు చేసే ఆఫీసరు వస్తున్నాడు. నిరుడూ వచ్చాడు. బావిలోకి తొంగి చూశాడు, వద్దని రాసి జీపెక్కాడు. ఈసారీ వద్దంటే సుంకమ్మకు మళ్లీ అదే దారి, అదే బిందె.

అందుకే ఊరికి పెద్దదిక్కయిన భద్రమ్మ అతనికి కబురు పంపింది. ఆదివారం పొద్దు గూకేలోపు బావిలో చేప పైకి రావాలి.

"పానంతో రావల్లప్పా. చచ్చిందయితే నాకొద్దు," అంది భద్రమ్మ. "సారు వస్తాండాడు కదా, ఆ చేప ఎందుకంటే..."

"చేప సంగతి నాకు చెప్పొద్దమ్మా," అన్నాడు యేసన్న. "దాని తాతముత్తాతలు కూడా నాకు తెలుసు. నీళ్లు యాడుండాయో అది చెప్పు."

ఇందులో చెప్పేదేముంది, అనుకున్నాడు యేసన్న. దుడ్లున్న ఊరు ఆఫీసరు చెయ్యి తడుపుతుంది. లేని ఊరు చేపల పులుసు పెడుతుంది. నిరుడు వట్టి మజ్జిగతో పంపి ఉంటారు, ఈ తెలివితక్కువ జనం.

బావి ముప్పై అడుగుల లోతు. మెట్ల గోడ కూలిపోయింది, దిగే దారి లేదు. అడుగున అవతలి మూల, బండ నీడన, మోకాటిలోతు పాచినీళ్లు. అందులో మూరెడు కొరమీను. బొక్కెన కనిపిస్తే చాలు, బండ కిందికి దూరుతుంది.

యేసన్న రేకుముక్క తీశాడు. చెనక్కాయ గింజంత ఉంది. చింతపండుతో తోమి, చిన్న గాలానికి బిగించాడు.

"ఇది తింటాదా బావా?" అన్నాడు సుంకమ్మ మొగుడు బయ్యన్న.

"తినేదానికి కాదు. మెరిసి కదిలితే చాలు, కొరమీనుకు కోపమొస్తాది."

"అయితే మందం దారమే కట్టు. తెగదు."

"తెగదు. పోదు కూడా. చూడు."

మందం దారం కట్టి విసిరాడు. దారం డబ్బా నుంచి చుట్టలు చుట్టలుగా వచ్చి సగం దూరంలోనే కూలబడింది. గింజంత బరువు ఆ మోకును ఎక్కడికని లాక్కుపోతుంది? మధ్యరకం కట్టాడు. నీళ్లకు రెండు బారల ఇవతల రాతి మీద టంగుమంది.

ఇక సన్నదారం.

"తెగితే?" అంది సుంకమ్మ.

యేసన్న మందం దారం మూరెడు కోసి, సన్నదారం కొసకు ముడేశాడు. ముడిని ఉమ్మితో తడిపి బిగించాడు. దాని చివర గాలం కట్టాడు.

"బండకు రాసుకునేది, చేప పండ్లకు దొరికేది ఈ మూరెడే. ఎగిరేది మిగతాదంతా."

విసిరాడు. రేకుముక్క ఎండలో తళుక్కుమని పోయి బండ నీడలో పడింది. రెండుసార్లు ఊరికే వచ్చింది. మూడోసారి దారం ఝుమ్మంది.

"లాగు బావా!"

"నోర్ముయ్."

లాగలేదు. అది పోయినంత దూరం పోనిచ్చాడు. అలిసినప్పుడు రెండు వేళ్లతో చుట్టుకున్నాడు. అరగంట గడిచింది. బయ్యన్న మోకులు కట్టిన గంపను పైనుంచి దింపి నీళ్లలో ముంచి పెట్టాడు. సోలిపోయిన చేపను యేసన్న నెమ్మదిగా గంపలోకి నడిపించాడు. దారం తెగలేదు. గంప పైకొచ్చింది.

సుంకమ్మ ఏడ్చేసింది. ఒక చేపకు ఇంత ఏడుపెందుకో యేసన్నకు అర్థం కాలేదు.

భద్రమ్మ దాన్ని తన ఇంట్లో నీళ్ల బానలో వేసి, మూత పెట్టి, మూత మీద రాయి పెట్టింది.

"చింతపండు ఎక్కువ ఎయ్యండి," అన్నాడు యేసన్న.

భద్రమ్మ అతన్ని అదోలా చూసింది.

సోమవారం ఆఫీసరు గుమాస్తాతో వచ్చాడు. భద్రమ్మ ఇంట్లోనే భోజనం. విస్తట్లో సంగటి, ఊరిబిండి పచ్చడి, మజ్జిగ. అంతే. యేసన్నకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెల్లెలి చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

"పులుసు యాడే? మళ్లా మజ్జిగేనా? మీకు బోరింగు వద్దా?"

"నీకు పున్నెముంటాది, ఊరికే ఉండన్నా!"

మూలన బానలో దబ్బున చప్పుడైంది. ఆఫీసరు తలెత్తాడు.

"ఏమది?"

"ఎలకలు సారూ," అంది భద్రమ్మ.

ఆఫీసరు చెయ్యి కడుక్కుని బావి దగ్గరికి నడిచాడు. మోకాళ్లూని వంగి చూశాడు. ఒక రాయి వేయించాడు. పాచి కదిలింది. మళ్లీ ఒక రాయి వేయించాడు. ఆయన లేచి, మోకాళ్ల దుమ్ము దులుపుకుని, గుమాస్తాకు గట్టిగా చెప్పి రాయించాడు:

"నిరుడు ఈ బావిలో ఒక చేప బతికి ఉన్నందున బావి ఎండలేదని బోరింగు నిరాకరించడమైనది, ఈ ఏడు సదరు చేప లేదు గనుక మంజూరు చేయవచ్చును."